పురుగులకు పొరుగువాడు – ఫాబ్రే జీవితము

పురుగు అను మాట వినినంతనే మనలో పెక్కురకు ఏవగింపు కలుగును. వంకాయ కోయగా లోపల పురుగు కనబడినచో కాయను పారవేయుదుము. దీపముకడకు వచ్చిన పురుగును చీపురుతో ఊడ్చివేయుదుము. ఐనను బాలురకు పురుగులయందు సహజమైన ప్రీతి యొకటి కలదు. తొలకరి వానలు పడిన పిదప తుమ్మచెట్లపై పచ్చని వన్నెతో తళతళలాడు పెంకుపురుగులను, జీరంగులనియు బంగారుపురుగులనియు మనవారు పిలుచు వానిని, పట్టి తెచ్చి అగ్గిపెట్టెలో నుంచి, తుమ్మాకు మేతగా వేసి, గ్రుడ్లు పెట్టినవా లేదా యని గడియకొకసారి తెరచి చూచుట మన పల్లెలలో తరతరములుగా సాగుచున్న ఆటయే. పెద్దలు చూచినచో చీవాట్లు తప్పవు, అగ్గిపెట్టె వీధిలో పడును, ఆట ముగియును. ఆ ఆటను చీవాట్లకు వెరచి విడువక, తొంబదేండ్ల ముదిమివరకు కొనసాగించి, దానినే శాస్త్రముగా మలచిన మహనీయుడొకడు ఫ్రాన్సు దేశమున నుండెను. ఆయన పేరు జాన్ ఆన్రీ ఫాబ్రే. ఆయన చరిత్రమును మన విద్యార్థులకు తెలుపుటకై మేమీ వ్యాసమును వ్రాయుచున్నాము.

ఫాబ్రే 1823వ సంవత్సరము డిసెంబరు నెలలో, దక్షిణ ఫ్రాన్సునందలి అవేరాన్ మండలమున, సెయింట్ లియోన్స్ అను చిన్న గ్రామమున జన్మించెను. తలిదండ్రులు నిరుపేదలు. తమ్ముడు పుట్టిన పిమ్మట ఇంటి భారము తగ్గించుటకై ఆయనను మలవాల్ అను కొండపల్లెలో సేద్యము చేసికొను తాతగారింటికి పంపిరి. ఆ ఇంట పుస్తకము తెరచి యెరిగినవారే లేరు. గొర్రెలు, ఆవులు, రాతినేల, చలిగాలి – ఇవియే ఆ బాలుని తొలి పాఠములు. అచటివారు మాటాడునది పారిస్ నగరపు ఫ్రెంచి కాదు. ఓక్సితాన్ అను ప్రాంతీయ భాష. ఇంట నొక భాష, బడిలో నొక భాష యను స్థితి మనలో పెక్కురకు తెలిసినదే గదా! ఫాబ్రేకును అది బాల్యముననే అనుభవమునకు వచ్చెను.

ఏడేండ్ల ప్రాయమున స్వగ్రామమునకు మరలివచ్చి బడిలో చేరెను. ఆ బడి నడుపువాడు ఆయనకు జ్ఞానపితయే. ఒకే గది బడియు, వంటయిల్లును, పడకగదియు నై యుండెను. కోళ్లును పందిపిల్లలును పిల్లల నడుమ తిరుగుచుండెడివి. అక్షరములు ఎంతకును పట్టుబడక పోగా, తండ్రి పట్టణమునుండి జంతువుల బొమ్మలతో గూడిన అక్షరమాల పటము నొకదానిని కొని తెచ్చెను. ఒక్కొక జంతువు పేరులోని మొదటి యక్షరమే పాఠము. ఇతర విధముల రాని చదువు జంతువుల మూలమున కొలది దినములలో వచ్చెను. ఆ బాలుని మనస్సు ఎటు మొగ్గునో అప్పుడే తేటపడినది.

ఇల్లు గడచుటకై తలిదండ్రులు బాతుపిల్లలను పెంప నారంభించిరి. వానిని మడుగునకు తోలుకొని పోవుట ఫాబ్రే పని. బాతులు నీట తిరుగుచుండగా బాలుడు గట్టున చెట్ల ఆకులను పరికించుచుండెను. ఒకనాడు ఆల్డర్ చెట్టుపై ఆకాశమువలె నీలమైన చిన్న పెంకుపురుగు కనబడెను. అట్టి వన్నె ఆయన అంతకు ముందెన్నడును చూచి యుండలేదు. దానిని మెల్లగా పట్టి, ఒక వట్టి నత్తగుల్లలో నుంచి, ఆకుతో మూత బిగించి, మెరయు రాళ్లతో పాటు జేబులో వేసికొని ఇల్లు చేరెను. తల్లి జేబులు చినిగినవని వగచెను. పురుగులు ముట్టినచో చేతికి విషమెక్కునని భయపడెను. తండ్రి యాజ్ఞచే సంపదయంతయు చెత్తకుప్ప పాలయ్యెను. పేదయింట జేబు చినుగుటయు నష్టమే గావున వారిని నిందింప బనిలేదు. ఐనను ఆ నీలపు పురుగు ఆయన మనస్సునుండి తొలగిపోలేదు. వృద్ధాప్యమున గూడ దానిని తలచికొని వ్రాసెను.

పదేండ్లు వచ్చునప్పటికి కుటుంబము రోదేజ్ పట్టణమునకు తరలెను. తండ్రి అచట కాఫీ అంగడి పెట్టి నష్టపడెను. మరికొన్ని పట్టణములందును అదే గతి పట్టెను. రోదేజ్ కళాశాలలో ఫాబ్రే ప్రార్థనాలయమున సేవ చేసి, దానికి ప్రతిఫలముగా జీతము లేకుండ చదివెను. తుదకు ఇంట తిండికే కరవై, పసితనముననే తన పొట్ట తాను పోసికొనవలసి వచ్చెను. సంతలో నిమ్మపండ్లు అమ్మెను. రైలుదారి వేయుచోట కూలిపని చేసెను. ఇట్టి దశలో అవిన్యోన్ నగరమునందలి ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలవారు నడపిన పోటీపరీక్షకు కూర్చుండి, నెగ్గి, ఉపకార వేతనము సంపాదించెను. 1842లో పట్టము పొంది, పదునెనిమిదవ యేట కార్పెంత్రా పట్టణమున ఉపాధ్యాయుడయ్యెను. జీతము ఏడాదికి 700 ఫ్రాంకులు మాత్రమే.

అచట ఆయన తన విద్యార్థులను పొలములకు గొనిపోయి భూమి కొలుచు విద్య నేర్పుచుండెడివాడు. కొలత కొయ్యలు పాతవలసిన పిల్లలు మాటిమాటికి వంగి రాళ్లను పరిశీలించుచు, గడ్డిపుల్లలతో ఏమో పీల్చుచుండుట చూచి విచారింపగా, రాళ్లపై మట్టితో గూడు కట్టు ఒక విధమైన తేనెటీగ కలదనియు, ఆ గూటిలోని తేనెను వారు పీల్చుచున్నారనియు తేలెను. గురువు కోపింపలేదు, తానును వారితో గూడి చూచెను. ఆ యీగనుగూర్చి తెలిసికొనుటకై కీటకములను వివరించు పెద్ద గ్రంథమొకటి కొనెను. దాని వెల ఆయన నెల జీతమంత! ఆ నెల ఇల్లెట్లు గడచెనో ఊహించుకొనవచ్చును. ఐనను ఆ పుస్తకము ఆయనకు తన త్రోవను చూపెను.

గురువు లేకయే గణితమును, భౌతికశాస్త్రమును చదివి, 1847, 1848 సంవత్సరములలో మాంపెలియేలో వరుసగా రెండు పట్టములు పొందెను. 1849లో కోర్సికా ద్వీపమునందలి అజాక్సియోలో భౌతికశాస్త్రోపాధ్యాయుడుగా నియమితుడయ్యెను. అచటికి వచ్చిన మోకాఁ తాందాఁ అను ప్రకృతి శాస్త్రజ్ఞుడొకనాడు భోజనానంతరము నీటిపాత్రలో నత్త నొకదానిని ఉంచి, కుట్టుపనికి వాడు కత్తెరతోను సూదులతోను దానిని కోసి, లోపలి భాగములను ఒక్కొక్కటిగా చూపెను. జీవశాస్త్రమునకు ఖరీదైన పరికరములు లేకున్నను సాగవచ్చునను సత్యము ఫాబ్రేకు ఆనాడు బోధపడెను. గణితమునం దుండిన ఆశ క్రమముగా జీవులవైపు మరలెను.

చలిజ్వరముచే బాధపడి, 1853లో అవిన్యోన్ ఉన్నత పాఠశాలకు వచ్చెను. మరుసటి యేట చలికాలమున ఒక రాత్రి లెయోన్ ద్యుఫూర్ అను పండితుడు వ్రాసిన చిన్న పుస్తకము ఆయన కంటబడెను. కందిరీగ జాతికి చెందిన ఒక పురుగు పెంకుపురుగులను పట్టి తెచ్చి, తన పిల్లలకు ఆహారముగా నేలలోని గూటిలో దాచును. అవి చచ్చియు ఎన్నాళ్లయినను కుళ్లకుండుటకు కందిరీగ ఏదియో మందు పట్టించునని ద్యుఫూర్ తలచెను. ఫాబ్రే స్వయముగా ఆ గూళ్లను త్రవ్వి పరీక్షించి, ఆ పెంకుపురుగులు చావలేదనియు, కందిరీగ వాని నాడీకేంద్రముల యొద్ద కాటువేసి కదలకుండ చేసినదనియు నిరూపించెను. జీవించియున్నందుననే అవి కుళ్లుట లేదు! ఈ పరిశోధనకు 1856లో ఫ్రెంచి విద్వత్సంస్థ ఆయనకు బహుమానమిచ్చెను. తరువాతి కాలమున చార్లెస్ డార్విన్ తన మహాగ్రంథమున ఫాబ్రేను సాటిలేని పరిశీలకుడని కొనియాడెను.

కీర్తి వచ్చెను గాని ధనము రాలేదు. అవిన్యోన్‌లో ఆయన జీతము 1,600 ఫ్రాంకులు. దాదాపు ఇరువదేండ్లు అచటనున్నను అది పెరుగలేదు. 1865లో పట్టుపురుగులకు తెగులు సోకి దక్షిణ ఫ్రాన్సు రైతులు నాశనమగుచుండగా, ఆ తెగులును పరిశోధించుటకు వచ్చిన లూయీ పాస్టర్ మొదట ఫాబ్రేను దర్శించెను. పాస్టర్ పట్టుగూటిని చేతబట్టి చెవియొద్ద ఆడించి, లోపల శబ్దమగుచున్నది, ఏమున్నదని అడిగెనట. మల్బరీ ఆకు మేసిన పురుగు గూడు కట్టి, లోపల ప్యూపాగా మారునను ప్రథమ పాఠమే ఆ మహాశాస్త్రజ్ఞునకు నాటికి తెలియదు. ఫాబ్రే ఇందుకు ఆయనను తక్కువగా చూడలేదు. ఏమియు తెలియదని యొప్పుకొని పనికి పూనుకొనుట ఆయనకు ఘనముగా తోచెను. తానును అదే పద్ధతిని అవలంబించెను.

దారిద్ర్యమునుండి బయటపడుటకు ఫాబ్రే ఒక మార్గము వెదకెను. ఆ సీమలో మంజిష్ఠ పండును. దాని వేళ్లనుండి ఎర్రరంగును శుద్ధముగా తీయు పద్ధతిని ఆయన ఏండ్ల తరబడి శ్రమించి కనిపెట్టెను. ఇంతలో 1868లో జర్మను రసాయన శాస్త్రజ్ఞులు ఆ రంగునే, అనగా అలిజరిన్‌ను, కృత్రిమముగా తయారుచేసిరి. మంజిష్ఠ సేద్యము కూలెను. ఆయన ఆశయు కూలెను. కోరమాండల్ తీరమున మన అద్దకపువారు ఎర్రరంగునకై వాడిన చిరివేరులో నున్నదియు ఈ అలిజరినే. ఆ చిరివేరు సేకరణయు కృత్రిమ రంగుల రాకతోనే క్షీణించెను. అవిన్యోన్ ఉపాధ్యాయుని ఇంటను, కోరమాండల్ పల్లెలయందును ఒకే దెబ్బ తగిలెనని మనము గ్రహింపవచ్చును.

ఆ కాలమున విద్యామంత్రిగా నున్న విక్తర్ ద్యురూయి ఫాబ్రే ప్రతిభను గుర్తించి, 1868లో పారిస్‌కు పిలిపించి, గౌరవ పతక మిప్పించి, చక్రవర్తి మూడవ నెపోలియనునకు పరిచయము చేసెను. ద్యురూయి ప్రోత్సాహముననే అవిన్యోన్‌లో సామాన్యులకు ఉచిత ఉపన్యాసములు ఏర్పడెను. ఫాబ్రే వానిలో ఆడపిల్లలకు గూడ శాస్త్రము బోధించెను. పువ్వులు ఫలదీకరణము పొందు విధమును దాపరికము లేక వివరించెను. బాలికలు ఇట్టివి వినరాదని పట్టణమున కొందరు పెద్దలు కినిసిరి. ఇంటి యజమానురాండ్రు నెలదినములలో ఇల్లు ఖాళీ చేయవలెనని నిర్బంధించిరి. చదువు చెప్పిన నేరమునకు, భార్యాబిడ్డలతో నిలువ నీడలేనివాడయ్యెను.

ఆ యాపత్కాలమున అవిన్యోన్ సమీపమున నివసించుచుండిన ఆంగ్ల తత్త్వవేత్త జాన్ స్టూవర్ట్ మిల్ ఆయనకు 3,000 ఫ్రాంకులు అప్పిచ్చెను. కాగితము వ్రాయించుకొనలేదు. ఇరువురకును మొక్కలయం దాసక్తి. ఆ స్నేహమే పూచీ. ఫాబ్రే ఆ ఋణమును తరువాత పూర్తిగా తీర్చెను. 1870లో ఉద్యోగము విడిచి ఆరెంజ్ పట్టణమునకు కుటుంబముతో తరలిపోయి, పిల్లలకై శాస్త్రపుస్తకములు వ్రాసి జీవించెను. భూమి, ఆకాశము, మొక్కలు, రసాయనములు, ఇంటి పనులు – అన్నిటినిగూర్చియు తేటగా వ్రాసెను. ఎనుబదికి మించిన ఆ పాఠ్యగ్రంథములే ఆ కుటుంబమునకు అన్నము పెట్టెను.

1877లో ఆయనకు తీరని దుఃఖము కలిగెను. జూల్ అను కుమారుడు పదునారేండ్ల ప్రాయమున మరణించెను. పొలములలో పురుగులను వెదకునప్పుడు తండ్రికి తోడుగా నుండువాడు, మొక్కల పేర్లను మక్కువతో నేర్చినవాడు అతడే. దుఃఖభారమున ఫాబ్రేయు జబ్బుపడి చావు బ్రతుకుల నడుమ ఊగులాడెను. కోలుకొనిన పిదప 1879లో, కీటక స్మృతులు అను తన మహాగ్రంథపు మొదటి సంపుటమును ప్రకటించి, తాను క్రొత్తగా కనుగొన్న కందిరీగలకు జూల్ పేరు పెట్టి, పుత్రుని స్మృతిని శాస్త్రమున నిలిపెను.

ఆ యేడే సెరిన్యాన్ గ్రామమున సుమారు రెండున్నర ఎకరముల నేలతో గూడిన ఒక ఇల్లు కొనెను. అది రాళ్లతోను ముండ్ల మొక్కలతోను నిండి సేద్యమునకు కొరగానిది. అట్టి నేలను ఆ సీమవారు హర్మాస్ అందురు. ఆయనకు కావలసినదియు అదే! ముండ్ల పువ్వులున్నచోటికి తేనెటీగలు వచ్చును. రాళ్లున్నచోట కందిరీగలు గూళ్లు కట్టును. ఏబదియైదేండ్లు నిండిన తరువాత గాని ఆయనకు తనదనదగిన జాగా దొరకలేదు. కడమ ముప్పదియారేండ్లును అచటనే గడపెను.

ఇక ఆయన పురుగులను పెంచిన విధమును చెప్పుదుము. పరికరములు మిక్కిలి సామాన్యమైనవి: ఇసుక నింపిన మట్టి మూకుడు, దానిపై బోరగిలించిన తీగవల బుట్ట, కొన్ని గాజు సీసాలు. అడవిలో పట్టిన పురుగును దానిలో విడిచి, అది ఏ ఆకుపై దొరకెనో ఆ ఆకునే తెచ్చి దినదినము మార్చుచుండెను. పొడగరి ఫుల్లో పెంకుపురుగులకు పైన్ ఆకులు, గులాబి పెంకుపురుగులకు పండిన పండ్లు, పేడపురుగులకు పేడ – ఇట్లు ఒక్కొక అతిథికి ఒక్కొక విందు. పేడ తెచ్చుటకును, పురుగులను పట్టుటకును ఊరి పిల్లలకు చిరుతిండియో చిల్లర డబ్బో ఇచ్చి సాయము పొందెను. పవిత్ర పేడపురుగు తన గ్రుడ్డును గుండ్రని ఉండలో గాక, నేలలోపల బేరిపండు ఆకారముగల ముద్దలో పెట్టునని ఆయనకు తెలిసినది ఒక గొర్రెలకాపరి బాలుడు త్రవ్వి తెచ్చిన ముద్ద మూలముననే.

ఆకు తిను పెంకుపురుగులలో లిల్లీ మొక్కపై నుండు ఎర్రపురుగును ఆయన శ్రద్ధగా పరిశీలించెను. పెద్ద పురుగు పగడమువలె అందమైనది. దాని పిల్ల మాత్రము తన మలమునే వీపుపై పూసికొని అసహ్యముగా నుండును. ఎందులకీ రోత? తోటకూరలలో నొకటైన ఆస్పరాగస్ మొక్కపై నుండు దాని దాయాది పిల్ల ఒడలు కప్పుకొనదు. దాని నగ్న చర్మముపై ఒక విధమైన ఈగలు తెల్లని గ్రుడ్లు పెట్టుటయు, ఆ గ్రుడ్లనుండి వెడలిన క్రిములు దానిని లోపలినుండి తినివేయుటయు ఫాబ్రే చూచెను. కావున లిల్లీ పురుగునకు ఆ మురికియే కవచమని నిర్ణయించెను. తరువాతి పరిశోధకులు ఒక విశేషము చేర్చిరి: కొన్ని పరాన్నభుక్కు కందిరీగలు ఆ కవచపు వాసననే ఆనవాలుగా గొని పురుగును వెదకి పట్టును. ఏ కవచమును సంపూర్ణము కాదు గదా!

పాప్లర్ ఆకును చుట్టు ముట్టెపురుగు చేయు పని మరింత వింత. ఆకు బిరుసుగా నున్నప్పుడు చుట్టుటకు వీలుపడదు. అందుచే ఆడపురుగు ముందుగా ఆకుతొడిమను ముట్టెతో పొడిచి, రసము పారకుండ చేయును. ఆకు వాడి మెత్తబడగానే దానిని చుట్టవలె చుట్టి, మడతల నడుమ గ్రుడ్లు పెట్టును. పిల్లకు అదియే ఇల్లు, అదియే అన్నము. ఇట్టి చుట్టలను ఫాబ్రే సీసాలలో నుంచి పెంచెను. ఓక్ ఆకు చుట్టు వేరొక జాతి పిల్లలు, ఆకు ఎండి కట్టెవలె గట్టిపడినచో తినుట మాని నిద్రపోవుననియు, వాన తడి తగిలి ఆకు మెత్తబడగనే మేల్కాంచి మరల తినుననియు ఆయన కనుగొనెను. ఆకుతిను పురుగునకు ఆకులోని నీరే త్రాగునీరు అను సత్యము దీనివలన విశదమగుచున్నది.

1896 జనవరి 30వ తేదీన జరిగిన ప్రయోగము ప్రపంచ ప్రసిద్ధము. పైన్ ఆకులు మేయు ఒక జాతి గొంగళిపురుగులు ఒకదాని వెనుక నొకటిగా దారము వదలుచు బారులు తీరి నడచును. అవి పెద్ద పూలకుండీ అంచునకు ఎక్కగా, ఆయన మిగిలిన బారును తొలగించి, అంచుపై వలయమును మూసివేసెను. నాయకుడు లేని ఆ వలయము ఏడు దినములు అట్లే తిరుగుచుండెను. చలిచే ఆగుచు, మరల కదలుచు, మేత జానెడు దూరముననే యున్నను వలయము విడువలేదు. ఎనిమిదవ నాడు గాని కొన్ని దారి తప్పి దిగలేదు. ఆయన లెక్క ప్రకారము అవి మూడు వందలకు పైగా చుట్లు తిరిగెను. దారికి కారణము పట్టుదారమని ఆయన తలచెను. దారమున కన్న పురుగు కడుపునుండి అంటు వాసనయే ముఖ్యమని నేటి శాస్త్రజ్ఞులు తెలిసికొనిరి. ఐనను ప్రశ్నను లోకమునకు చూపినవాడు ఫాబ్రేయే.

ఒక మే నెల ఉదయమున ఆయన యింట పెద్ద నెమలి శలభము ఆడుది యొకటి గూడు వెడలెను. తీగవల బుట్ట క్రింద నుంచగా, ఆ రాత్రి చీకటిలో సుమారు నలుబది మగ శలభములు ఎచటినుండియో వచ్చి ఆ బుట్టను చుట్టుముట్టెను. మనుష్యుని ముక్కునకు అందని వాసన యేదియో వానిని పిలిచియుండవలెనని ఆయన అనేక రీతుల పరీక్షించెను. 1959లో బూతెనాంట్ అను జర్మను శాస్త్రజ్ఞుడు పట్టుపురుగు శలభమునుండి అట్టి ఆకర్షణ ద్రవ్యమును మొదటిసారి వేరుపరచి, ఫాబ్రే ఊహకు రసాయన ప్రమాణము చూపెను.

మహనీయుల లోపములను దాచుట చరిత్ర కాదు. జీవులు క్రమముగా పరిణమించినవను డార్విన్ సిద్ధాంతమును ఫాబ్రే తుదివరకు అంగీకరింపలేదు. పురుగుల సహజ ప్రవృత్తులు ఆదినుండియు మార్పులేనివని నమ్మెను. ఈ విషయమున కాలము డార్విన్ పక్షమే వహించెను. ఐనను వారిరువురి నడుమ ద్వేషము లేదు. ఇల్లు విడిచిన తేనెటీగలు దారి యెట్లు కనుగొనునో తెలియుటకు వానిని పెట్టెలో నుంచి గిరగిర త్రిప్పి విడువుమని డార్విన్ సూచింపగా, ఫాబ్రే అట్లు చేసి, ఐనను అవి ఇల్లు చేరెనని తెలియజేసెను. అభిప్రాయ భేదముండియు ఒకరి ప్రశ్నకు మరొకరు శ్రమపడుట పండితుల మర్యాద.

ఆయన పది సంపుటములు 1879 మొదలు 1907 వరకు వెలువడెను. అవి కథలవలె చదివించును. ఇంత సులభముగా అర్థమగునది శాస్త్రమెట్లగునని కొందరు పండితులు ఆక్షేపించిరి. పిల్లలకును రైతులకును అర్థము కాని శాస్త్రము తనకు వలదని ఆయన తలంపు. తన సీమ పలుకుబడియైన ప్రొవాన్సాల్ భాషలో పద్యములను గూడ వ్రాసెను. ఆ భాషోద్ధారకు లాయనను పురుగుల కవియని ముద్దుగా పిలిచిరి. రాజభాషలో గ్రంథములు వ్రాసి గెలిచినవాడు ఇంటిభాషను విడువలేదు. రెండును ఆయనకు రెండు కన్నులు. పరసీమలో తెలుగు చదువుకొను మనకీ విషయము విశేషముగా మనసున నాటదగినది.

వృద్ధాప్యమున పాఠ్యగ్రంథములు అమ్ముడుపోక మరల పేదరికము ముసిరెను. 1910 ఏప్రిల్ 3వ తేదీన మిత్రులును శిష్యులును సెరిన్యాన్‌లో ఆయనకు గొప్ప సన్మానము జరపిరి. అప్పటికి గాని దేశము ఆయనను గుర్తింపలేదు. ప్రభుత్వము ఉపకార వేతన మేర్పరచెను. 1913లో ఫ్రాన్సు దేశాధ్యక్షుడు పోంకరే స్వయముగా ఆయన యింటికి వచ్చి గౌరవించెను. 1915 అక్టోబరు 11వ తేదీన, తొంబది రెండవ యేట, ఫాబ్రే హర్మాస్‌లోనే కన్నుమూసెను. 1922లో ఆ ఇంటిని ప్రభుత్వము కొనెను. అది నేడు పారిస్ జాతీయ ప్రకృతి చరిత్ర ప్రదర్శనశాలకు చెందిన స్మారక భవనముగా నున్నది. దూరమునున్న జపానులో ఆయన గ్రంథములు అనువదింపబడి బాలురకు మిక్కిలి ప్రియమైనవి.

లోకమున ఇంతవరకు పేర్లు పెట్టబడిన పెంకుపురుగులు సుమారు 4,00,000 రకములు. వానిలో ఆకుతిను కుటుంబ మొక్కటియే 35,000 రకములకు మించియున్నది. మన గుమ్మడి పాదుపై నారింజ వన్నెతో తిరుగు పెంకుపురుగును, వంగ ఆకును జల్లెడవలె చేయు అక్షింతల పురుగును ఆకుతినునవే. వీనిని పెంచి చూడగోరు విద్యార్థులకు మేము చెప్పునది కొలదియే. గాలి ఆడు పాత్ర కావలెను. మూతకు పలుచని గుడ్డ చాలును. పురుగు ఏ మొక్కపై దొరకెనో ఆ మొక్క ఆకునే, మందు చల్లనిదానిని, ప్రతిదినము తాజాగా వేయవలెను. కొమ్మ కాడను చిన్న నీటి సీసాలో నుంచినచో ఆకు వాడదు. పురుగు నీటబడకుండ సీసా మూతిని దూదితో మూయవలెను. అడుగున తడి మన్ను ఉండవలెను గాని నీరు నిలువరాదు. నీరు నిలిచిన బూజు పట్టి పురుగు చచ్చును. రెట్టలను దినదినము తీసివేయవలెను. ఎండలో నుంచరాదు. చూడవలసినది చూచిన పిదప, పంటకు హాని చేయనిదానిని పట్టినచోటనే విడువవలెను.

అన్నిటికన్న ముఖ్యమైనది నోటుపుస్తకము. ఏ తేదీన, ఏ చెట్టుపై, ఏ వేళ పట్టితిమి. ఏ ఆకును తినెను, ఏ ఆకును మూతి త్రిప్పుకొనెను. ఎన్ని గ్రుడ్లు పెట్టెను, ఎన్ని దినములకు పగిలెను – ఈ మాటలు వ్రాసినవాడు ఆటనుండి శాస్త్రములోనికి అడుగిడినవాడే. పురుగు పేరు తెలియకున్నను సిగ్గుపడ నక్కరలేదు. దానిని మన యింటి భాషలో నేమందురో అవ్వను తాతను అడిగి, ఆ పేరునే మొదట వ్రాయుడు. గ్రంథములలోని పేరు పిదప వచ్చును. ఫాబ్రే మనకు విడిచిన ధనము పది సంపుటములు మాత్రమే కాదు. ఇల్లు, జీతము, ఆరోగ్యము, పుత్రుడు – ఒక్కొక్కటిగా చేయి జారినను, రేపటి ఆకు తేవలెనను పనిని ఆయన ఒక్కనాడును మరువలేదు. ఆ నిలుకడయే విద్య.